నీళ్ల పెద్దమ్మకు నెమ్మది నేర్పిన రోజులు

నేను జహీరాబాద్‌లో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేరింది డెబ్బైల చివర్లో. మా ఆఫీసులో ఎవరి హోదా ఏమిటో తెలుసుకోవాలంటే అతను దేని మీద కూర్చున్నాడో చూస్తే చాలు. ఆఫీసరు సారుకు చేతుల కుర్చీ. హెడ్ క్లర్కుకూ చేతుల కుర్చీయే గాని దానికి ఒక చెయ్యి విరిగిపోయింది. బాగుచేయిస్తే ఆయన సారుతో సమానమైపోతాడని కాబోలు ఎవరూ ఆ పని చేయలేదు. మాలాంటి గుమాస్తాలకు చేతుల్లేని కుర్చీలు, అటెండరుకు స్టూలు. ఏ తరగతి ఉద్యోగికి ఏ సామాను ఇవ్వాలో కాగితాల మీద రాసి ఉండేది. నాకు చిన్నప్పటినుంచీ ముక్కు మీద కోపం. చేరిన నెలలోనే నడుం నొప్పిగా ఉంది, చేతుల కుర్చీ కావాలని అడిగాను. "నడుము నొస్తే దవాఖానకు పో తమ్మీ. గా కుర్చీకైతే ప్రమోషన్ గావాలె" అన్నారు హెడ్ క్లర్కు. నేను కోపంగా వెళ్లి నా కుర్చీలోనే కూర్చున్నాను.

పెద్దమ్మకు మాత్రం కూర్చోవడానికి ఏమీ లేదు. ఆమె మా ఆఫీసుకు నీళ్లు మోసే మనిషి. మా వీధికి అప్పటికి నల్లా రాలేదు. బొంబాయి రోడ్డుకు అవతల ఫర్లాంగు దూరంలో ఉన్న బావి దగ్గర చేదుకుని, నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందెతో రోజుకు పన్నెండు సార్లు తిరిగేది. తాగే కుండలు, రెండు డ్రమ్ములు, సారు గది ముందు వట్టివేళ్ల తడక, వాకిట్లో మొక్కలు, పాయఖానా, అన్నిటికీ ఆమె తెచ్చే నీళ్లే. సారు కుటుంబం అదే ఇంటి వెనక భాగంలో ఉండేది కాబట్టి ఆదివారాలు కూడా ఆమెకు తప్పేవి కావు. అప్పటికి ఆమె వయసు నలభై అయిదు దాటి ఉండదు. నాకు పాతికేళ్లు నిండలేదు కాబట్టి నేను పెద్దమ్మా అనేవాణ్ని.

సర్కారు లెక్కలో ఆమె ఉద్యోగి కాదు. సిరాబుడ్లు, చీపురుకట్టలు, లాంతరు నూనె ఏ ఖర్చు కింద కొంటామో, ఆ ఖర్చు కిందే ఆమెకూ కూలి ఇచ్చేవాళ్లం. హాజరు పట్టీలో ఆమె పేరు లేదు. పైగా ఆమెది 'అర్ధకాలపు పని' అని ఎప్పుడో ఎవరో రాసిపెట్టారు. చీపురుకు సెలవుండదు గనక ఆమెకూ సెలవుండేది కాదు. రాని రోజున తన బదులు ఇంకొకరిని పంపి, కూలి వాళ్లకివ్వాలి. నాలుగు రోజులు వరుసగా రాకపోతే ఆ ఇంకొకరే ఉండిపోతారు. అంతకు ముందు నీళ్లు మోసిన ముసలామె అలాగే పోయిందని పెద్దమ్మకు బాగా తెలుసు. ఎందుకంటే అప్పుడు వచ్చిన ఇంకొకరు ఆమే.

అలాంటప్పుడు పై నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ఖర్చుల కింద పనిచేసేవాళ్లలో కొన్నేళ్లుగా పూర్తికాలం పని చేస్తున్నవాళ్లను లాస్ట్ గ్రేడ్ ఉద్యోగులుగా తీసుకోవచ్చునని, అర్ధకాలం అని రాసి ఉన్నా నిజానికి పని రోజంతా పడుతుంటే ఆ సంగతి రాసి పంపవచ్చునని దాని సారాంశం. హెడ్ క్లర్కు దాన్ని మూడుసార్లు చదివి పెద్దమ్మను పిలిచారు. స్కేలు వస్తుందని, పింఛను వస్తుందని ఒక్కొక్కటే చెప్పారు. ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ అన్నీ విని ఒక్కటే అడిగింది.

"నౌకరి ఖాయమైతే సుట్టి ఇస్తరా పెద్ద సారూ?"

"ఎందుకియ్యరు చెల్లే? సెలవు నీ హక్కు. ఎవలన్న వద్దంటే నేనున్న."

ఆమె కూతురిని బీదర్‌లో ఇచ్చింది. బీదర్ ఎంత దూరం, బస్సెక్కితే గంట. ఆ కూతురికి ముగ్గురు పిల్లలు పుట్టారు. ముగ్గురి పురుళ్లకూ ఆమె పోలేకపోయింది. కూతురే పిల్లలను ఎత్తుకుని వచ్చి, ఆఫీసు వాకిట్లో అమ్మమ్మకు చూపించి, మళ్లీ సాయంత్రం బస్సుకు వెళ్లిపోయేది. పెద్దమ్మ తడి చేతులతో పసివాళ్ల బుగ్గలు నిమిరి, వాళ్లు ఏడుస్తుంటే బిందె ఎత్తుకునేది. ఇది నేను రెండుసార్లు కళ్లారా చూశాను. అందుకే ఈ కాగితం ఎలాగైనా గెలవాలని నాకు పట్టుదల పుట్టింది.

సర్క్యులర్‌తో వచ్చిన ఫారంలో పనికి పట్టే సమయం అని ఒక గడి ఉంది. హెడ్ క్లర్కు దాని దగ్గర ఆగిపోయారు. ఆయన ఉర్దూలో నౌకరీ మొదలుపెట్టి, తర్వాత ఇంగ్లీషు నేర్చుకుని, రిటైరయ్యేలోగా తెలుగు కూడా నేర్చుకోవాల్సి వచ్చిన మనిషి. మూడు భాషల్లోనూ తప్పు రాయడమంటే ఆయనకు హడలు.

"రేపు పొద్దుగాల నువ్వు చెల్లె ఎంబడి పో తమ్మీ. గడియారం చూస్కుంట ఎంతసేపైతదో రాసుకరా" అన్నారు.

మరునాడు తొమ్మిదింటికి, పెళ్లిలో అత్తవారు పెట్టిన వాచీ చేతికి తగిలించుకుని, నోటు పుస్తకం పట్టుకుని ఆమె వెనక బయల్దేరాను. బయల్దేరడమే గాని అందుకోవడం నా వల్ల కాలేదు. నేను బావి దగ్గరికి చేరేసరికి ఆమె రెండు బిందెలూ నింపి తిరిగి వస్తూ ఎదురయ్యేది. బొంబాయి రోడ్డు మీద చెరకు లారీలు రొద పెట్టుకుంటూ పోతుండేవి. ఆమె ఆగేది కాదు, చెయ్యి ఎత్తేది కాదు. నేరుగా దిగి నడిచేది, లారీలే ఆగేవి. నేను మాత్రం అటు ఇటు చూసుకుంటూ రోడ్డు పక్కన నిలబడిపోయేవాణ్ని. అల్లం చాయ్ అమ్మే హోటలాయన నాలుగోసారి నన్ను చూసి ఊరుకోలేకపోయాడు.

"ఏం సారూ, పెద్దమ్మ ఎంబడి వడ్డవ్? ఏమన్న ఎత్తుకపోయిందా?"

"సర్కారు పని" అన్నాను, రొప్పుతూ.

పెద్దమ్మకు జాలేసింది. "ఎందుకు బిడ్డా గీ తక్లీఫ్? గా అరుగు మీద కూసో. ఎన్నిసార్లు తిరిగిననో నేనే జెప్త" అంది. నేను కూర్చోలేదు. పన్నెండు సార్లు తిరగడం, డ్రమ్ములు నింపడం, తడక తడపడం, మొక్కలకు పోయడం, పాయఖానా కడగడం, అన్నీ కలిపి మూడు గంటల పది నిమిషాలు. పన్నెండు దాటి పది నిమిషాలకు ఆమె బిందెలు బోర్లించింది.

నోటు పుస్తకం చూసి హెడ్ క్లర్కు ముఖం పాలిపోయింది.

"మూడు గంటలా? నేను ముప్పై ఏండ్ల సంది నౌకరి చేస్తున్న. గీ దఫ్తర్ల మూడు గంటల్ల ఒడిసిపోయే పని ఒక్కటన్న చూసినవా తమ్మీ?"

పెద్దమ్మ తనను మెచ్చుకుంటున్నారనుకుంది. "నడుమ గీ బిడ్డతోని ముచ్చట వెట్టిన సారూ. లేకుంటే ఇంక జల్దిగనే అయితుండె" అంది. హెడ్ క్లర్కు తల పట్టుకున్నారు. ఎనిమిది గంటలని రాసేద్దామని నేను సలహా ఇచ్చాను. కుదరదన్నారు. జిల్లా ఆఫీసు నుంచి తనిఖీ అధికారి స్వయంగా వచ్చి పని చూస్తాడట. ఆయన సంగతి జిల్లా అంతా తెలుసు. ఒకచోట తోటమాలి నీళ్లు పోసే మొక్కలన్నిటినీ లెక్కపెట్టి, సగం ఎండిపోయాయి కాబట్టి సగం మాలి చాలని రాసి వెళ్లాడని చెప్పుకునేవారు.

అంటే ఆయన ముందు పెద్దమ్మ నీళ్ల పని పొద్దుటినుంచి సాయంత్రం దాకా సాగాలి. ఆలస్యం చేయడం ఆమెకు రాదు. దాన్ని నేర్పడానికి మాత్రం మా ఆఫీసును మించిన బడి చుట్టుపక్కల ఎక్కడా లేదు.

గురువుగా అటెండరును నియమించాం. అతను తన తరగతిలో పండిపోయినవాడు. సారు గది నుంచి మా గదికి పన్నెండు అడుగుల దూరం ఒక ఫైలు తేవడానికి అతనికి పొద్దుటి పూట సరిపోయేది. లేస్తాడు, చెప్పులు వెతుక్కుంటాడు, వాకిట్లోకి వెళ్లి ఎండ చూస్తాడు, వచ్చి టైమెంతయిందని అడుగుతాడు, ఫైలు చేతికి తీసుకుని ఏ ఫైలని మళ్లీ అడుగుతాడు. ఇవన్నీ పెద్దమ్మ ముందు చేసి చూపించాడు. మేమంతా కుర్చీలు జరుపుకుని చుట్టూ చేరాం. హెడ్ క్లర్కు మధ్యమధ్యలో "ఇగో, గీడ చూడు చెల్లే, గీడ ఒకసారి దగ్గాలె" అని సూక్ష్మాలు చెప్పేవారు.

ఆమెకు ఒక్కటీ పట్టుబడలేదు. ఖాళీ బిందెతో మెల్లగా వెళ్లమంటే వెళ్లేది. నిండు బిందె నెత్తికెక్కగానే కాళ్లు వాటంతటవే ఉరికేవి. వెనక నుంచి మేం "మెల్లగ, మెల్లగ" అని అరిచేవాళ్లం. ఒకరోజు ఆమె విసిగిపోయి బిందె దబ్బున దించింది.

"నెత్తి మీద బరువుంటే మెల్లగ ఎట్ల నడుస్తరు సారూ? మెడ ఇరుగుతది. ఎంత జల్ది దించుకుంటే గంత సుఖం. బరువు లేనోళ్లకు గీ ముచ్చట ఎర్కలేదు" అంది.

అటెండరు చెప్పులు వెతుక్కున్నాడు.

ఆమె బాధ అదొక్కటే కాదు. బావి దగ్గర ఆడవాళ్లు జ్వరమొచ్చిందా అని అడగడం మొదలుపెట్టారు. ఆమెకు సిగ్గు. "నన్ను పనిదొంగను జేస్తుండ్రు. రేపు నన్ను ఎవలు పనికి పిలుస్తరు?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను సెలవు సంగతి, బీదర్ సంగతి గుర్తుచేశాను. ఆమె కళ్లు తుడుచుకుని, ఒక్కరోజుకైతే సరేనంది. రెండు బిందెలకు బదులు ఒక్కటే తేవాలని, రోడ్డు దాటే ముందు ఒకసారి, దాటాక ఒకసారి దించాలని, ప్రతిసారీ బిందెను చింతపండు పెట్టి తోమాలని, మధ్యమధ్యలో నడుం మీద చెయ్యి వేసుకుని ఉస్సురనాలని తీర్మానించాం. ఉస్సురనడం నేను నేర్పాను. నాకు అందులో మంచి అభ్యాసం ఉంది.

తనిఖీ అధికారి వచ్చిన రోజున వాకిట్లో సారు చేతుల కుర్చీ వేశాం. ఆయన జేబు గడియారం తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. పెద్దమ్మ బయల్దేరింది. నాలుగడుగులు వేసి ఆగింది. ఆకాశం చూసింది. దగ్గింది. వెనక్కి వచ్చి చింతపండు తీసుకుంది. ఇంట్లో ఏమనుకుందో, రాత్రంతా ఏం సాధన చేసిందో గాని, ఆ రోజు ఆమె నడకను చూసి అటెండరు స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. నేను చేరాక అతను ఎవరికోసమైనా నిలబడడం అదే మొదలు.

బొంబాయి రోడ్డు మీద ఆమె నట్టనడుమ ఆగి నడుం మీద చెయ్యి వేసింది. అటు లారీలు, ఇటు లారీలు ఆగిపోయాయి. ఒకడు మరాఠీలో, ఒకడు హిందీలో, మధ్యలో చిక్కుకున్న ఎడ్లబండి ఆయన కన్నడంలో తిట్టడం మొదలుపెట్టారు. ఆ వరస చిరాగ్‌పల్లి దాకా ఉందని చాయ్ హోటలాయన తర్వాత చాలా రోజులు చెప్పుకున్నాడు. పెద్దమ్మ తల తిప్పి కూడా చూడలేదు. అయిదు గంటలకు ఇంకా నాలుగు బిందెలు మిగిలే ఉన్నాయి. "ముప్పై ఏండ్లల్ల గిట్ల ఎవ్వలు నేర్వలే" అని హెడ్ క్లర్కు నా చెవిలో గొణిగారు. ఆయన కళ్లు చెమర్చాయి. అధికారి అల్లం చాయ్ తాగి, గడియారం జేబులో వేసుకుని, జీపెక్కి వెళ్లిపోయాడు.

నెల తర్వాత ఆయన రిపోర్టు వచ్చింది. హెడ్ క్లర్కు పైకి చదివారు. 'నీళ్లు మోసే పని నిస్సందేహంగా పూర్తికాలపు పనియే. పోస్టును మంజూరు చేయవచ్చును.' మేం బల్లలు చరిచాం. కింద ఇంకో వాక్యం ఉంది. అదీ చదివారు. 'కాని ప్రస్తుతం ఈ పని చేయుచున్న స్త్రీ వృద్ధురాలిగాను, మిక్కిలి బలహీనురాలిగాను కనిపించుచున్నది. వైద్యుని ధ్రువపత్రము లేనిచో, ఈమె స్థానమున వయసులో ఉన్న చురుకైన వ్యక్తిని నియమించవలెను.'

మొదటికే మోసం వచ్చింది. గట్టిగా పనిచేస్తే పోస్టు లేదు, మెల్లగా చేస్తే మనిషి లేదు. ఈ కబురు ఆమెకు ఎవరు చెప్పాలన్న చర్చ జరిగింది. అందరికంటే తర్వాత చేరినవాణ్ని కాబట్టి నన్నే పొమ్మన్నారు. చెప్పాను. ఆమె అంతా విని గయ్యిమంది.

"నన్ను ముసల్దాన్ననడా? ఏడున్నడు గాయన? రమ్మను, నాతోని ఒక్క బిందె ఎత్తుమను! వద్దు వద్దంటే మీరే గద నేర్పిచ్చిన్రు?"

తర్వాత నాలుగు రోజులు మాలో ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ నాలుగు రోజులూ పని రెండున్నర గంటల్లో అయిపోయింది. బిందెల చప్పుడుకు సారు కూడా గది బయటికి రాలేదు. నాకు మాత్రం రాత్రిళ్లు అన్నం సయించేది కాదు. మేలు చేయబోయి ఆమె నోటి దగ్గరి కూడు తీశామన్న బాధ నన్ను బాగా తినేసింది. అయిదో రోజున నేను సెలవు పెట్టి, ఆమెను తీసుకుని సంగారెడ్డి దవాఖానకు బయల్దేరాను. నాకు సెలవుంది కాబట్టి పెట్టాను. ఆమె పక్కింటి పిల్లను బదులు పంపి, ఆ రోజు కూలి వదులుకుంది. బస్సులో ఇద్దరం కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాం. కోపం ఇంకా పోలేదు గాని, సదాశివపేట దాటాక కొంగులోంచి రెండు జామకాయలు తీసి ఒకటి నాకిచ్చింది.

దవాఖాన మెట్లు రెండేసి చొప్పున ఎక్కేసింది. డాక్టరు ముందు నేను నిలబడేసరికి నాకే ఆయాసం. ఆయన స్టెతస్కోపు నా వైపు తెచ్చాడు. నేను కాదు, ఆమె అని చెప్పాను.

"ఈమెకేం జబ్బు?"

"జబ్బేం లేదు సార్. మెల్లగా నడిచిందని పంపించారు."

"ఎందుకు మెల్లగా నడిచావమ్మా?"

పెద్దమ్మ దాచిపెట్టే మనిషి కాదు. "నౌకరి కోసం సారూ" అంది.

డాక్టరు నవ్వు ఆపుకోలేకపోయాడు. "నౌకరీ వచ్చినాక మెల్లగా నడిచేవాళ్లను రోజూ చూస్తా. రాకముందే నడిచినదాన్ని ఇవాళే చూసిన" అన్నాడు. వయసెంతని అడిగితే, నిజాం మీద పోలీస్ యాక్షన్ అయిన యేడు తనకు పెళ్లయిందని, అప్పటికి ఇంకా గోలీలు ఆడుతుండేదని చెప్పింది. ఆయన పళ్లు చూశాడు, నాడి చూశాడు, కుర్చీ ఎత్తమన్నాడు. ఆమె కుర్చీ ఎత్తి, దీన్ని ఎక్కడ పెట్టమంటారని అడిగింది. సర్టిఫికెట్ రాసేశాడు.

ఆర్డరు రావడానికి ఇంకా ఏడెనిమిది నెలలు పట్టింది. అది ఎవరికీ నేర్పనక్కర్లేని నెమ్మది. వచ్చిన రోజు హెడ్ క్లర్కు కొత్త సర్వీసు పుస్తకం తెరిచి, ఆమె బొటనవేలు పట్టుకుని తానే సిరా అద్ది ముద్ర వేయించారు. హాజరు పట్టీలో అటెండరు పేరు కింద ఆమె పేరెక్కింది. రూలు ప్రకారం ఒక స్టూలు కూడా వచ్చింది. ఆమె దాని మీద ఒక్కరోజు కూడా కూర్చోలేదు. వంగకుండా ఎత్తుకోవడానికి బాగుందని దాని మీద బిందె పెట్టుకునేది.

వారం తిరక్కుండా నా దగ్గరికి వచ్చి సెలవు దరఖాస్తు రాయమంది. మూడు రోజులు. కూతురికి నాలుగో కాన్పు. నేను ఎంతో సంబరంగా రాశాను, హెడ్ క్లర్కు అంతకన్నా సంబరంగా సంతకం చేశారు. సర్కారు సెలవు మీద ఆమె కొత్త చీర కట్టుకుని బీదర్ బస్సెక్కుతుంటే నేను వెళ్లి సీటు పట్టి వచ్చాను. ఆమె వెళ్లిన మరునాడు పొద్దున్న గాని మాకు అసలు సంగతి తట్టలేదు. ఖర్చుల కింద ఉన్నప్పుడు బదులు మనిషి వచ్చేది. ఇప్పుడామె ఉద్యోగి. మూడు రోజుల సెలవుకు బదులు మనిషిని పెట్టుకునే వీలు ఏ రూలులోనూ లేదు.

అటెండరును అడిగాం. నీళ్లు మోయడం తన తరగతి పని కాదని, కావాలంటే తన సర్వీసు పుస్తకం చూసుకోమని అన్నాడు. గుమాస్తాల తరగతి అసలే కాదు. హెడ్ క్లర్కు సీనియారిటీ పట్టిక తీశారు. అందులో అందరికన్నా కింద నా పేరుంది.

పదింటికి మొదలుపెట్టాను. బిందె నెత్తిన నిలవదు గనక భుజాన పెట్టుకున్నాను. రెండు తేవడం మాట దేవుడెరుగు, ఒక్కటే దారిలో సగం ఒలికిపోయేది. రోడ్డు దాటే ముందు దించాను, దాటాక దించాను. లారీ వాళ్లు నన్ను చూసి ఆగలేదు, హారన్ కొట్టారు. నట్టనడుమ నడుం మీద చెయ్యి వేసుకుని ఉస్సురన్నాను, ఎవరూ నేర్పకుండానే. చాయ్ హోటలాయన పని మానుకుని బయటికొచ్చి నిలబడ్డాడు. అయిదు గంటలయ్యేసరికి డ్రమ్ముల్లో ఒకటి సగం నిండింది, రెండోది ఎండిపోయే ఉంది. హెడ్ క్లర్కు నా భుజం తట్టారు.

"ఏడు గంటలు తమ్మీ. ఇంక పని మిగిలే ఉన్నది. గా రిపోర్టుల ఉన్నది అబద్ధం గాదు" అన్నారు మెల్లగా.

నాకు నవ్వు రాలేదు. అన్ని రోజులూ ఆమె కోసం అబద్ధమాడుతున్నామని మాలో మేం ఎంత మురిసిపోయామో తలుచుకుంటే సిగ్గేసింది. ఆమె రోజంతటి పని మూడు గంటల్లో చేస్తోందని మాలో ఒక్కడికీ తోచలేదు. మరునాడు నేను అనారోగ్య కారణంగా సెలవు పెట్టాను. మూడో రోజు వెళ్లేసరికి ఆఫీసులో తాగే కుండలు కూడా ఎండిపోయాయి. వెనక భాగం నుంచి సారు భార్య రెండుసార్లు కబురు పంపింది. రేపు పొద్దున్నే పెద్దమ్మ వచ్చేస్తుందని ఒకరికొకరం ధైర్యం చెప్పుకుంటూ కూర్చున్నాం.

మధ్యాహ్నం బీదర్ బస్సు కండక్టరు వచ్చి ఒక చీటీ ఇచ్చాడు. అల్లుడు రాసినట్టున్నాడు, కన్నడంలో ఉంది. హెడ్ క్లర్కుకు వచ్చిన మూడు భాషల్లో అది లేదు. కండక్టరే చదివి చెప్పాడు. ఆడపిల్ల పుట్టిందట. తల్లికి నీరసంగా ఉంది, పిల్ల అమ్మమ్మ ఒళ్లో తప్ప పడుకోవడం లేదు. ఇంకో నాలుగు రోజులు సెలవు కావాలని పెద్దమ్మ రాయించి, కింద బొటనవేలి ముద్ర వేసింది.

అటెండరు ఖాళీ కుండలోకి తొంగిచూసి మళ్లీ మూత పెట్టాడు. "రాదా ఇంక నాలుగు దినాలు?" అన్నాడు. హెడ్ క్లర్కు చీటీని ఫైలులో పెట్టి, కలం సిరాలో ముంచి, 'మంజూరు చేయడమైనది' అని రాసి సంతకం పెట్టారు. తర్వాత పొడి గొంతుతో దగ్గి, ఎవరింటినుంచైనా ఒక చెంబు నీళ్లు తెప్పించమన్నారు.

నేను కుర్చీలోంచి లేచి, ప్యాంటు పైకి మడుచుకుని, ఆమె స్టూలు మీది బిందె అందుకున్నాను.